చేతుల్లోనూ, ముఖంలోనూ

భారతీయ సంజ్ఞా భాష నేర్చుకుంటున్నాను. ఇది చేతుల పని మాత్రమే అనుకుని వచ్చినవాళ్లకి ముందు నేర్పేది ముఖం కదపడం. ‘రావడం’ అనే సంజ్ఞను కనుబొమలు పైకెత్తి చేస్తే ‘వస్తావా?’ అని ప్రశ్న. ముఖం మామూలుగా ఉంటే అది ప్రశ్నే కాదు. ‘ఏమిటి’, ‘ఎక్కడ’ లాంటివి వాక్యం చివరికి వస్తాయి. ‘లేదు’ కూడా అంతే. తెలుగువాళ్ల నోటికి ఆ వరస కొత్తేమీ కాదు.

వినపడనివాళ్లు పెదవులు చూసి అర్థం చేసుకుంటారులే అని చాలామంది ధీమా. అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా ‘పాట, బాట, మాట’ అని చూడండి. పెదవులు మూడింటికీ ఒకేలా కదులుతాయి! అయినా 1880లో మిలాన్‌లో సమావేశమైన ఉపాధ్యాయులు, బడుల్లో సంజ్ఞలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. ఎన్ని తరాల పిల్లలు చేతులు కట్టేసుకుని కూర్చున్నారో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బధిర పిల్లల్లో ఎక్కువమంది వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. అలాంటి ఇంట్లో అన్నం ముందు అందరూ నవ్వుతుంటే ఆ బిడ్డ అమ్మ మోచేయి పట్టుకుని లాగుతుంది, ఏమైందని. ‘తర్వాత చెప్తాలే’ అని అమ్మ చేయి ఊపుతుంది. ఆ ‘తర్వాత’ అనేది చాలా ఇళ్లలో రాదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే పదివేల పదాల నిఘంటువు తెచ్చింది. ఆ పదాల వీడియోలు ఉచితం. ఆ అమ్మ ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. నాన్న, నానమ్మ, పక్కింటి పిల్లలు కూడా.