సున్నం కింది మర్యమ్

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు నేను బడికెళ్లే పిల్లవాణ్ణి. బడి మళ్లీ తెరిచాక నా పక్కన కూర్చునేవాడే అడిగాడు: ‘‘మీవాళ్లు గుడి కూల్చి కట్టారటగా?’’ నేనేం కూల్చాను? మా అబ్బా ఏం కూల్చాడు? జవాబు దొరకలేదు. ‘మీవాళ్లు’ అన్న ఆ మాట మాత్రం నాతోపాటే పెరిగింది. ఉత్తర మాసిడోనియాలోని ఒహ్రిద్ దాకా వెంట వచ్చింది.

ఒహ్రిద్ సరస్సు ఒడ్డున కొండవాలు మీద ఉన్న పాత ఊరు. ఒకప్పుడు రోజుకొకటి చొప్పున 365 చర్చీలుండేవని అక్కడ చెప్పుకుంటారు. పాత బజారు దగ్గర వందల ఏళ్ల చెట్టు. దాన్ని చినార్ అనే అంటారు. జేబును ‘జెబ్’ అంటారు. మా అమ్మీ ఉర్దూలోని మాట, బడిలో నేను నేర్చిన తెలుగులోని మాట, అక్కడి క్రైస్తవుల నోట వింటే ఎంత మురిసిపోయానో!

ఆ మురిపెం సెయింట్ సోఫియా చర్చి దాకానే. లోపల 11వ శతాబ్దపు గోడబొమ్మలు. బలిపీఠం వెనక గోడమీద బిడ్డతో మరియమ్మ. మాకు ఆమె మర్యమ్. ఖురాన్‌లో 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. ఒట్టోమన్లు ఈ చర్చిని మసీదు చేసినప్పుడు బొమ్మలకు సున్నం పూశారు. 1950లలో ఆ పూత తొలగించారు. ‘‘సున్నం కింద ఉండబట్టే నిలిచాయి’’ అంది గైడు. ఆ మాట పట్టుకుని వకీలులా గెలిచాననుకోబోయాను. అంతలోనే సిగ్గేసింది. సున్నం పూసింది కాపాడటానికా?

అక్కణ్ణించి ప్లావోష్నిక్ గుట్టకు వెళ్లాను. 9వ శతాబ్దం చివర క్లెమెంట్ అక్కడ మఠం కట్టి స్లావు భాషలో చదువు చెప్పాడు. 916లో చనిపోయాడు. తర్వాత ఒట్టోమన్ల కాలంలో ఆ చోటే మసీదు లేచింది. 2000లో మసీదును తీసేశారు. 2002 నాటికి చర్చిని తిరిగి కట్టారు. పక్కన సినాన్ చెలెబీ సమాధి మాత్రం మిగిలింది. దాని ముందు ఫాతిహా చదువుతుంటే గొంతు పట్టేసింది. నేనెన్నడూ చూడని మసీదు కోసం!

ఒకే పూటలో సిగ్గూ నాదే, నొప్పీ నాదే. ఎందుకని? సుల్తానులు నాకేమవుతారు? మా తాతలు రాళ్లు మోసినవాళ్లే గానీ కోటలు కట్టించినవాళ్లు కాదు. అయినా చార్మినార్ చూపించి ‘మావాళ్లు కట్టారు’ అని నేనెన్నిసార్లు అనలేదు! గొప్ప నా పద్దులో రాసుకుని, అప్పు మాత్రం నాది కాదంటే చెల్లుతుందా? రాసుకుంటే రెండూ రాసుకోవాలి. లేదా రెండూ కొట్టెయ్యాలి. పద్దు చూపించమని నన్నొక్కణ్ణే బోనెక్కించేవాళ్లు తమ పద్దూ తేవాలి.

ఆ మిత్రుడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. కలిస్తే చెప్తాను: ‘‘అవునురా, ఒహ్రిద్‌లో సున్నం పూశారు. నేను కళ్లారా చూసొచ్చాను. నువ్వూ ఒకసారి వెళ్లు. అక్కడ ఇప్పుడు లేని మసీదును కూడా చూసిరా.’’