నీటికంటే ముందే గీయవలసిన గీత

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటుంది తెలుగు సామెత. నీరెరిగిన పల్లం మనిషి కంటికి అంత సులభంగా ఆనదు. సూరత్‌కు దక్షిణాన, నవసారి వెళ్లే దారిలోని ఉన్ ప్రాంతంలో నిలబడి నలుదిక్కులా చూస్తే నేల చాప పరచినట్టే ఉంటుంది. కాని అటువంటి మైదానంలో మూరెడు తేడా చాలు, ఒక ఇంటి గడప పొడిగా మిగలటానికీ, పక్కింట్లో మగ్గం మునగటానికీ.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి, సూరత్ నగరంలో అధికభాగాన్ని ముంచివేసింది. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వలస వచ్చిన తెలుగు నేతకుటుంబాలు అనేకం ఈ నగరంలోనే నివసిస్తున్నాయి. జీవితమంతా కూడబెట్టి ఇల్లు కట్టుకునే అటువంటి గృహస్థుకు నేల ఎత్తు తెలియటం పాండిత్యం కాదు, అవసరం.

సమానమైన ఎత్తుగల చోట్లను కలిపే గీత సమోన్నత రేఖ. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ పర్వతం వద్ద నెవిల్ మాస్కలిన్ భూగోళపు సాంద్రతను తేల్చేందుకు పరిశీలనలు జరిపాడు. ఆ కొలతల లెక్క చార్లెస్ హట్టన్ వంతయింది. కుప్పతెప్పలుగా పడిన అంకెలలో, సమానమైన ఎత్తులను గీతలతో కలపగానే కొండ ఆకారం కాగితం మీద తేటపడింది.

ఆనాడు చేత్తో చేసిన పనిని నేడు కంప్యూటరు క్షణంలో చేస్తుంది. 1986లో వెలువడిన గ్నూప్లాట్ అటువంటి సాధనమే. అది ఎత్తుపల్లాలను వలవంటి ఉపరితలంగా చూపుతుంది. అయితే ఆ చిత్రంలో ముందున్న గుట్ట వెనుకనున్న గుంటను కప్పివేయవచ్చు. అందుకే సమోన్నత రేఖలను ఉపరితలం మీదనే గాక, దాని అడుగు తలం మీద కూడా గీయించే వీలు కల్పించారు. అప్పుడు ఏదీ దాగదు.

ఐనా ఒక చిక్కు ఉన్నది. 20 మీటర్ల ఎడంలో రెండు చోట్ల ఎత్తులు 8.4, 9.2 మీటర్లు అనుకుంటే, 9 మీటర్ల రేఖను యంత్రం పల్లపు చోటికి 15 మీటర్ల దూరాన గీస్తుంది. మధ్యలో నేల ఒకే వాలుగా ఉన్నదని దాని నమ్మకం. నడుమ చిన్న కాలువ ఉన్నా, ఎవరూ కొలవకపోతే దానికి తెలియదు. గీతల వంకరలను నునుపుచేసే సదుపాయమూ ఉన్నది. దానిని వాడితే బొమ్మ కంటికింపుగా ఉంటుంది గాని, రేఖ అసలు లెక్కకు వచ్చిన చోటు నుంచి కొంత జరగవచ్చు.

కాబట్టి పటం చూపి స్థలం అమ్మేవారిని కొనేవారు అడగవలసింది ఒక్కటే: ఈ గీతకు ఆధారంగా నేల మీద ఎన్ని చోట్ల కొలిచారు? ఆ ప్రశ్న పునాది తవ్వకముందే అడగాలి. వరద వచ్చి గోడ మీద తన గీత తాను గీసిపోయాక అడిగి ప్రయోజనం లేదు.