బండల హాల్లో బొమ్మ ఆడాలంటే

డోన్‌లో హోం థియేటర్ సంగతి చూద్దామని వెళ్తే స్పీకర్ల కంటే ముందు రాయి కనబడుతుంది. పక్కనే బేతంచర్ల, అక్కడి పాలిష్ ఫ్యాక్టరీల్లో నున్నబడిన బండలే అరుగు మీదా, మెట్ల మీదా, హాల్లోనూ. నేను చూసిన హాలు 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. కింద బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. సామాను ఇంకా చేరలేదు. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు చరిస్తే ఆ చప్పుడు ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుంటూ టపటపమంటూ సాగింది. అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సాబైన్ 1890ల చివర్లో ఒక లెక్చర్ హాల్లోకి కుర్చీల మెత్తలు మోయించి, మళ్లీ తీయించి, ఇలాంటి మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టాడు. నున్నటి రాయి, సిమెంటు గోడ తమ మీద పడ్డ ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్లకు మించి పీల్చవు. సాబైన్ సూత్రం ప్రకారం ఈ ఖాళీ హాల్లో మోత మూడు సెకన్లకు పైనే ఉంటుంది. సినిమా మాటలు తేటగా వినబడాలంటే అర సెకను దాటకూడదు. కాబట్టి డోన్‌లో హోం థియేటర్ పెట్టేవాళ్లు తొలి ఖర్చు దూదికీ గుడ్డకూ పెట్టి, ఆ తర్వాత డబ్బాల జోలికి వెళ్లాలంటాను.

వూఫర్ దడదడలాడితేనే కదా మజా అంటారు చాలామంది. దడ కావాల్సిందే, కానీ 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య నిలిచిపోయి, గోడ వారగా కూర్చున్నవాడికి మోతగానూ, నడిమధ్య కూర్చున్నవాడికి దాదాపు ఏమీ లేనట్టుగానూ వినబడుతుంది. సోఫా రెండడుగులు జరిపితే వచ్చే తేడా పెద్ద వూఫర్ కొన్నా రాదు. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది డీటీఎస్ ధ్వనితో విడుదల చేశారు. అందులో ఎస్వీ రంగారావు అంత నిక్కచ్చిగా పలికిన మాటలు కూడా బండల హాల్లో ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. స్పీకర్లను నడిపే రిసీవర్‌లో మైకు పెట్టి సరిచేసే ఏర్పాటు ఉందిగా అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. అది స్పీకర్ల దూరాన్నీ, హెచ్చుతగ్గులనూ సరిచేస్తుంది. గోడకు తగిలి ఆలస్యంగా వచ్చే మోతను మాత్రం ఆపలేదు.

అసలైన అభ్యంతరం దుమ్ము. ఈ మెట్ట ప్రాంతంలో కార్పెట్ వేస్తే వారానికే మట్టి రంగుకు తిరుగుతుంది, ఎండాకాలం కాలికింద ఉడుకు వేరే. నిజమే. అందుకే నేల మొత్తం కప్పాలనను. టీవీకీ సోఫాకీ మధ్య ఉతికి ఆరేయగల జంపఖానా ఒకటి, పక్క గోడలకు మందపాటి తెరలు, వెనక గోడకు చెక్క చట్రంలో బిగించిన నాలుగంగుళాల దూది పరుపు చాలు. దూదికి దూరం పోనక్కర్లేదు, పత్తికి పేరుమోసిన ఆదోని ఉంది. పరుపును గోడకు కాస్త ఎడంగా బిగిస్తే కింది స్వరాలను ఇంకొంచెం పీలుస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలూ, థర్మోకోలూ అంటించడం మాత్రం డబ్బు దండగ. అట్ట పలచన, థర్మోకోల్‌లోకి గాలి చొరదు. మోత అలాగే ఉంటుంది.

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లకు ఒక పని మిగిలింది. వెనక స్పీకర్ల వైరు నేల కిందుగా పోవాలంటే, మేస్త్రీ బండలు పరిచేలోపే దానికో పైపు వేయించుకోవాలి. పరిచాక బండ లేపితే అంచు పగలకుండా రావడం అరుదు.