సంతకాల చొక్కాల వెంట ఐర్లాండ్

ఐర్లాండ్‌లో ఏ ఊరి పబ్‌లోకి తొంగి చూసినా, గోడ మీద అద్దం వెనక ఒక చొక్కా వేలాడుతూ కనిపించడం మామూలే. మన ఇళ్ళలో తాతగారి ఫొటోకి పటం కట్టించినట్టు వీళ్ళు ఫుట్‌బాల్ జెర్సీకి పటం కట్టిస్తారు. వీపు మీది అంకెపైన నల్ల మార్కర్‌తో గిలికిన సంతకం! ఎవరిదో అర్థం కాక పక్కనున్న పెద్దాయన్ని అడిగారో, ఓ అరగంట మిమ్మల్ని కదలనివ్వడు.

ఆ అరగంటలో 1990 రాక తప్పదు. ఆ ఏడు ఇటలీలో జరిగిందే ఐర్లాండ్ ఆడిన మొదటి ప్రపంచ కప్. ఇంగ్లాండ్, ఈజిప్ట్, నెదర్లాండ్స్‌తో మూడు మ్యాచ్‌లూ డ్రా. జెనోవాలో రుమేనియాతో ఒక్క గోలూ పడలేదు. పెనాల్టీల్లో అయిదో షాట్‌ని ప్యాకీ బానర్ ఆపాడు, డేవిడ్ ఓలియరీ చివరిది కొట్టాడు. ఆ తర్వాత రోమ్‌లో ఇటలీ చేతిలో 1-0తో ఓటమి. అంటే, పెనాల్టీలు పక్కన పెడితే, ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా క్వార్టర్ ఫైనల్ ఆడి వచ్చారన్నమాట! ఓడి వచ్చిన జట్టుకి డబ్లిన్ వీధులన్నీ స్వాగతం పలికాయి. అదే రోజు, జులై 1న, నెల్సన్ మండేలా కూడా ఊళ్ళో ఉన్నారు. నల్లజాతి డిఫెండర్ పాల్ మెక్‌గ్రాత్ అంటే పడిచచ్చే జనం, మండేలాని చూసి “పాల్ వాళ్ళ నాన్న వచ్చాడోయ్” అని సరదాగా పాటందుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్లిన్ అనాథాశ్రమాల్లో పెరిగి, పాడైపోయిన మోకాళ్ళతో దేశానికి 83 మ్యాచ్‌లు ఆడినవాడు మెక్‌గ్రాత్. నన్నడిగితే, ఒక్క సంతకమే దొరుకుతుందంటే ఆయనదే అడుగుతాను.

ఈ సరదాకి మన కుర్రాళ్ళు ఇంటర్నెట్‌లో చొక్కా కొనేసి, గోడకి తగిలించేస్తుంటారు. కాస్త ఆగండి బాబూ! సంతకాన్ని నకలు చేయగలిగినవాడికి దాంతో వచ్చే సర్టిఫికెట్‌ని అచ్చు వేయడం ఎంతసేపు? అప్పటి జట్టు మేనేజర్ జాక్ చార్ల్‌టన్ 2020 జులైలో పోయారు. ఆయన సంతకాలు ఇక పెరగవు. ఎక్కడైనా పెరుగుతున్నాయంటే అనుమానించాల్సిందే. ఇంకో మాట. సంతకం పక్కన “ఫలానా వారికి” అని మీ పేరు రాయించుకుంటే అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని వ్యాపారులు అంటారు. తగ్గనివ్వండి. మనం అమ్మబోతున్నామా ఏమిటి? సంతకం చేయించేటప్పుడు చొక్కా లోపల అట్టముక్క పెట్టి గుడ్డని బిగుతుగా లాగి పట్టుకోవాలి, లేకపోతే పాలిస్టర్ మీద పెన్ను జారి అక్షరం అలుక్కుపోతుంది. ఆ తర్వాత ఉతక్కూడదు, ఎండ తగిలే గోడకి తగిలించకూడదు.

అసలు ఈ దేశంలో ఉన్న సుఖం ఏమిటంటే, ఆటగాళ్ళ ఊళ్ళు కారులో వెళ్ళి చూసి రాగలిగినంత దగ్గర. బానర్ పశ్చిమ డోనెగాల్ వాడు. కీడ్యూ రోవర్స్ అనే చిన్న క్లబ్బులో ఆడి, 1978లో సెల్టిక్‌కి వెళ్ళాడు. సముద్రపు గాలి చెవులు కోసే ఆ తీరాన నిలబడితే, జెనోవా దాకా నడిచిన దూరం ఏమిటో తెలుస్తుంది. రాయ్ కీన్ కార్క్ నగరంలోని మేఫీల్డ్ కుర్రాడు. టైటానిక్ చివరిగా ఆగిన కోవ్ రేవులో, కోవ్ రాంబ్లర్స్ చొక్కా వేసుకుని ఆడాడు. 1990లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తీసుకెళ్ళింది. 1993లో మాంచెస్టర్ యునైటెడ్ 37.5 లక్షల పౌండ్లు పోసి కొంది. ఉత్తరాదికి దాటితే బెల్‌ఫాస్ట్‌లో 2005లో కన్నుమూసిన జార్జ్ బెస్ట్ పేరు ఏకంగా విమానాశ్రయానికే పెట్టారు. ఆయన పెరిగిన క్రెగా కాలనీ ఇల్లు మన హౌసింగ్ బోర్డు క్వార్టర్ లాంటిదే. చూసి తీరాలి.

డబ్లిన్‌లో ఉన్నవాళ్ళకి అంత దూరం కూడా అక్కర్లేదు. ఫిబ్స్‌బరోలో డేలీమౌంట్ పార్క్ ఉంది. 1901 నుంచి బొహిమియన్స్ క్లబ్ సొంత మైదానం అది. 1972లో పెలే సాంటోస్ జట్టుతో వచ్చి ఇక్కడ ఆడాడు.

ఇవన్నీ చూస్తుంటే మనవాళ్ళు గుర్తు రాకమానరు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో తయారైన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు, గోల్‌లో పీటర్ తంగరాజ్ ఉన్నాడు. రహీం ఆ మరుసటేడే పోయారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. కీన్ పేరు చెబితే లేచి నిలబడే మన పిల్లల్లో బలరాం పేరు విన్నవాళ్ళు ఎందరు?

వచ్చే సెలవుల్లో జంటనగరాలకి వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. మీ బంధువుల్లో, పాత బస్తీ స్నేహితుల్లో, పోలీసు జట్టులో ఆడిన పెద్దల ఇళ్ళలో, ఆ రోజుల నాటి చొక్కా గానీ సంతకం ఉన్న ఫొటో గానీ బీరువా అడుగున ఉందేమో అడిగి చూడండి. ఉంటే ఫొటో తీసి, ఆయన చెప్పిన కథతో సహా మన పత్రికకి పంపండి. చొక్కా మాత్రం అక్కడే ఉంచి రండి.