కోళ్ల గూటిలో కుంపటి

మా ఊరి నుంచి లంబసింగికి నడిచి వెళ్లొచ్చు. లంబసింగికి మా పెద్దల నోట ఉన్న పేరు కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. చలికాలం రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటాం. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగుతుంది. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుంది. దాన్ని చూడటానికి మైదానం నుంచి కార్లలో జనం వస్తారు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మేమూ, మా మేకలూ, మా కోళ్లూ ఆ చలిలోనే ఉంటాం.

మా అమ్మకు కోళ్లే బ్యాంకు. నా పుస్తకాలు, హాస్టలుకు పట్టుకెళ్లిన ట్రంకుపెట్టె, టీచరు ట్రైనింగు ఫీజులో సగం కోళ్లమ్మిన డబ్బే. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు అమ్మ దగ్గర పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. సంక్రాంతి ముందు సంతలో కోడికి మంచి ధర వస్తుంది. ఎనిమిది అమ్మి చెల్లి నర్సింగు ఫీజు కట్టాలని అమ్మ లెక్క.

ఆ డిసెంబరులో సెలవులకు ఇంటికి వెళ్లాను. అమ్మ మా పిన్నికి పురుడు పోయడానికి వేరే ఊరు వెళ్తూ కోళ్లను నాకు అప్పగించింది. మా గూడు మట్టి గోడలది, పైన గడ్డి కప్పు. కప్పుకూ గోడకూ మధ్య చుట్టూ జానెడు సందు. ఆ సందు చూసి నాకు నవ్వొచ్చింది. ఇంత చలిలో ఎవరైనా కిటికీలు తెరిచి పడుకుంటారా? చింతపల్లి వెళ్లి నీలం టార్పాలిన్ కొనుక్కొచ్చి గూడు చుట్టూ బిగించి మేకులు కొట్టేశాను. గాలి కూడా దూరదని గర్వపడ్డాను.

మూడు రోజులకు పుంజు జుట్టు కొనలు తెల్లబారాయి, తర్వాత నల్లబడ్డాయి. చలి ఇంకా లోపలికి వస్తోందనుకున్నాను. ఆ రాత్రి కుంపటిలో నిప్పులు నింపి గూటిలో పెట్టి తలుపు మూశాను.

తెల్లారి తలుపు తీస్తే ఐదు పెట్టలు కింద పడి ఉన్నాయి. మిగిలినవి తాగినట్టు తూలుతున్నాయి. ఒక్కదాని మీద కూడా గాయం లేదు.

మధ్యాహ్నానికి అమ్మ వచ్చింది. నన్ను తిట్టలేదు. టార్పాలిన్ లోపలి వైపు చేత్తో రాసి, ఆ చెయ్యి నా ముందు పెట్టింది. అరచెయ్యంతా నీళ్లు. "ఒరే నాయనా, కోడి సలికి ఓర్సుకుంటాది. తడికి ఓర్సుకోలేదు. ఆ సందు మీ తాత ఊరికే ఒగ్గీసాడనుకున్నావేటి?" అంది.

తర్వాత పశువుల డాక్టరు గారు అదే మాట వివరంగా చెప్పారు. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, మన కంటే ఎక్కువ. ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. అదే దాని దుప్పటి. ఈకలు తడిస్తే ఆ దుప్పటి పోయినట్టే. రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరిలో, రెట్టలో నీరుంటుంది. అది ఆవిరై పైకి లేచి సందులోంచి బయటికి పోవాలి. నేను దారి మూసేశాను. ఆ ఆవిరి కోళ్ల మీదే చెమ్మగా దిగింది. ఈకలు లేని చోటు జుట్టు, గడ్డం కింది తమ్మెలు, కాలివేళ్లు. పుంజు తడిసిన జుట్టుతో తెల్లారకముందే మంచుగడ్డి మీదకు వచ్చింది. దాన్నే మంచుకాటు అంటారు. లదాఖ్ లాంటి చోట్ల మామూలే గానీ మన దగ్గర అరుదని, జుట్టు పెద్దగా ఉన్న పుంజులకే ముందు తగులుతుందని ఆయన అన్నారు. నల్లబడిన చోట రుద్దకూడదు, నిప్పు సెగ చూపించకూడదు, పీకకూడదు. పొడిగా ఉన్న చోట ఉంచితే చచ్చిన కొన దానంతట అదే రాలిపోతుంది. మా పుంజుకు అలాగే రాలింది. జుట్టు మీద నల్లటి మచ్చలన్నీ మంచుకాటు కాదని కూడా హెచ్చరించారు. పొక్కులు లేచి చెక్కు కడితే అది మశూచి.

పెట్టలను చంపింది చలి కాదు, నా కుంపటి. మూసిన చోట నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇది విన్నాక నాకు కాళ్లు వణికాయి. ఎందుకంటే ఆ రాత్రి నేను రెండో కుంపటి కూడా తీశాను, చెల్లి పడుకున్న గదిలో పెడదామని. బొగ్గులు చాలక మానేశాను. ఒకప్పుడు ఇంగ్లండు గనుల్లో కార్మికులు పంజరంలో చిన్న పిట్టను వెంట తీసుకెళ్లేవారని నేనే పిల్లలకు పాఠం చెప్పాను. విషవాయువు ఉంటే పిట్ట ముందు పడిపోతుంది. మా ఇంట్లో ఆ పిట్టలు అమ్మ పెట్టలే అయ్యాయి.

ఫీజుకు డబ్బు తగ్గింది. ఇంకా తీగ మీదే ఉన్న మిరియాలకు షావుకారి దగ్గర అమ్మ ముందే డబ్బు తీసుకుంది. కోతల తర్వాత సంతలో పలికిన ధర దానికంటే చాలా ఎక్కువ. ఆ తేడా నా తప్పు ఖరీదు.

ఇప్పుడు మా గూడు అమ్మ చెప్పినట్టే ఉంటుంది. గాలి వీచే వైపు కింద నుంచి కోళ్ల తల ఎత్తు దాకా తడిక, దానికి పాత గోనెలు. పైన సందు తెరిచే ఉంటుంది, అడవిపిల్లి దూరకుండా వెదురు బద్దలు అల్లాం. నేల మీద నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డి, ఊక. తడిసినది రోజూ తీసేస్తాం. కూర్చునే కర్ర రెండు అంగుళాల వెడల్పు ఉండాలి. అప్పుడు కోడి వేళ్లన్నీ పొట్ట ఈకల కింద దాచుకుంటుంది. సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు మొక్కజొన్న గింజలు వేస్తాం. అవి రాత్రంతా అరుగుతూ ఒంటికి వేడినిస్తాయి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు పెడతాం.

పిల్లల సంగతి వేరు. వాటికి నూగే తప్ప ఈకలుండవు. మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద అది దొరుకుతుంది. తల్లి లేని పిల్లలను తెచ్చుకుంటే ఆ పని బల్బు చెయ్యాలి. కరెంటు నిలవని ఊళ్లలో చలి నెలల్లో చిన్న పిల్లలను తెచ్చుకోకపోవడమే మేలు.

అమ్మకు తెలియనిదీ ఒకటుంది. కొక్కెర రోగం వచ్చినప్పుడు ఆమె పసుపునీళ్లు పట్టేది. అయినా ఊరి కోళ్లన్నీ పోయేవి. ఆకుపచ్చగా పారుతూ మెడ తిప్పేస్తే అది చలి కాదు, ఆ రోగమే. దానికి మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దారి. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్.టు.బి. సూది. మొదట్లో అమ్మ ఒప్పుకోలేదు. పక్క వీధి కోళ్లు పోయి మావి మిగిలిన ఏడు ఒప్పుకుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో కూడా పనికిమాలినట్టు కనిపించే సందు ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని మూసే ముందు ఎందుకు వదిలారో అవ్వనో తాతనో అడగండి. తోటి టీచర్లకు ఒక మాట: చలికాలంలో బళ్లో ఒక పూట కుంపటి పాఠం చెప్పండి. తలుపులు మూసి నిప్పులు పెట్టుకుని పడుకునే ఇళ్లు మన గూడేల్లో ఇంకా ఉన్నాయి.

నీలం టార్పాలిన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అమ్మ దాని మీద మిరియాలు ఆరబోస్తుంది.