ఇనుప కొండల ఊరు

పెద్ద తరగతుల బాలురలో కొందఱు చదువు చాలించి, గనులున్న ఊళ్లకు పోయి కూలి సంపాదింపవలెనని తలంచుచుందురు. వారి కొఱకును, వారి తలిదండ్రుల కొఱకును, మేము చూచివచ్చిన కిరందూలును గూర్చి కొంచెము వ్రాయుచున్నాము.

మన రాజవొమ్మంగికి రైలు లేదు. బస్తరు అడవులలోని కిరందూలునకు కలదు. అయితే అది ముఖ్యముగా ఇనుప రాతి కొఱకు వచ్చిన రైలు. జపాను ఉక్కు కర్మాగారములకు ఖనిజము పంపుటకై, కొత్తవలస నుండి అరకు మీదుగా సుమారు 445 కిలోమీటర్ల మార్గము 1960వ దశకమున వేయబడెను. ఎద్దు మూపురము వంటి బైలదిల్లా కొండల క్రింద 1968 నుండి గని పని సాగుచున్నది.

చూడదగిన వింతలు అచట లేకపోలేదు. కొండమీద త్రవ్విన రాయి కదలెడు పట్టీమీద క్రిందికి దిగి, రైలు పెట్టెలలో విశాఖపట్టణము రేవునకు పోవును. వీధులలో హిందీ, ఒడియా, తెలుగు, గోండి మాటలు కలసి వినబడును. పొరుగున, బచేలి కొండమీది ఆకాశనగరమున, వానకాలపు మబ్బు గుమ్మము దాటి ఇంటిలోనికి వచ్చును. విశ్వకర్మ పూజనాడు జనులు గుంపులుగా గని చూడ వత్తురు.

కాని శంఖినీనది నీరు ఖనిజపు ధూళిచే ఎఱ్ఱబాఱినది. మఱియొకటియు గమనించితిమి. యంత్రముల యొద్ద మేము చూచినవారు పెక్కండ్రు దూరదేశములనుండి వచ్చినవారు. ఆ కొండలలో పుట్టినవారు సంతలో విప్పపూవును చింతపండును అమ్ముకొనుచుండిరి.

మన తూర్పు కనుమలలోను బాక్సైటు కలదు. ఏజెన్సీ భూములను గనులకై గిరిజనేతరులకు కౌలు కిచ్చుట చెల్లదని 1997లో సమత వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అడవి యెవరిదను ప్రశ్న మన ఊరికి క్రొత్తది కాదు. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు అనుచరులతో మన పోలీసు ఠాణాపై పడిన కాలమునను కొండవారి మనస్సులలో ఆ ప్రశ్నయే యుండెను. నేడది గ్రామసభ ముందుకు కాగితముల రూపమున వచ్చును. ఆ కాగితములను చదివి, హద్దులును షరతులును తెలిసికొని, అడుగవలసినది అడుగువారు మనలోనుండియే లేవవలెను.

యోబు గ్రంథము 28వ అధ్యాయము గనులు త్రవ్వువారి నేర్పును వర్ణించి, పిమ్మట జ్ఞానము ఎచట దొరకునని ప్రశ్నించుచున్నది. తలిదండ్రులారా, కూలి అవమానము కాదు. అయినను పరీక్ష ముగియకమునుపే మీ బిడ్డను పంపకుడి. భూగర్భశాస్త్రమో, న్యాయశాస్త్రమో చదివిన బిడ్డ మన కొండలకు మిక్కిలి అవసరము.