ఉత్తరంలో వ్రాయని వార్త

మా రాయచోటి ప్రాంతంలో కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. 1997లో మా అబ్బా అక్కడ డ్రైవరుగా ఉండేవారు. మాది ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. అమ్మీకి చదువు రాదు. ఆమె ఉర్దూలో చెబుతుంటే, అయిదవ తరగతి చదువుతున్న మేము నీలిరంగు ఏరోగ్రాము మీద ఆ మాటలనే తెలుగు లిపిలో వ్రాసేవారము. అబ్బాకు వచ్చిన లిపి అదొక్కటే. (మా వ్రాతలకు తొలి పాఠకులు వారే!) చెల్లెలి దగ్గు, వానకు కారిన మిద్దె, వేరుశనగ ధర, మా లెక్కల మార్కులు, అన్నీ అంచుల దాకా ఇరికించి, బంక మడతను మాత్రం వదిలేవారము.

ఆ వానకాలంలో దాదీ కన్నుమూశారు. అబ్బా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉన్నది. గడువు తీరడానికి ఇంకా పది నెలలు. "తెలిసినా రాలేరు. అక్కడ ఓదార్చేవారెవరు? వ్రాయవద్దు" అన్నారు అమ్మీ. మేము వ్రాయలేదు. దాదీ దువా చెప్పమన్నారని కూడా వ్రాశాము. చివర మిగిలిన బెత్తెడు చోటులో మాత్రం, మా సొంత కబురుగా, చెల్లెలు ఇప్పుడు దాదీ మంచం మీద ఒక్కతే పడుకుంటున్నదని చేర్చాము.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అబ్బా ఉత్తరంలో మొదటి వరుస ఎప్పుడూ దాదీకి సలాము. ఈసారి ఆ వరుస లేదు.

అమ్మీ ఎదురుగా కూర్చుని వింటున్నారు. మేము లేని సలామును ఉన్నట్లే చదివి, రెండవ వరుసకు వెళ్ళాము.